నాన్న దగ్గర ఉండాల్సిన కాగితం

మా కుటుంబ చరిత్రలో ఇంతవరకు గుణుపురం ఇంటి గురించి, జయపురం సంస్థానంలో మా ముత్తాతగారు చేసిన లెక్కల ఉద్యోగం గురించి, రాయగడ మజ్జిగౌరమ్మ గుడి గురించి రాస్తూ వచ్చాం. ఈసారి మా ఇంటి మనుషుల గురించి కాదు, మా ఇరుగుపొరుగు గురించి రాస్తున్నాం. కోరాపుట్ కొండల్లో అరవై ఏళ్ళకి పైగా ఉంటున్న బెంగాలీ కాందిశీకుల గురించి. వాళ్ళలో కాగితం లేని తల్లిదండ్రుల గురించి. ఏ రోజైనా ఒక నోటీసు వచ్చి "నువ్వు ఈ దేశం వాడివి కాదు" అంటే, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియని వాళ్ళ గురించి.

తెలుగువాళ్ళ ఇంటి చరిత్రలో బెంగాలీల గొడవ ఎందుకని అడగొచ్చు. మా పెద్దవాళ్ళు జయపురం సంతలో వాళ్ళతో బేరాలు చేసేరు, వాళ్ళు పండించిన బియ్యం తిన్నారు. అది ఒక కారణం. అసలు కారణం ఇంకోటి ఉంది. మేము ఒడిశాలో తెలుగువాళ్ళం. మాలో కొందరం బళ్ళారిలో కన్నడ మీడియంలో చదివి, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసుకుంటున్నాం. ఎక్కడికి పోయినా "మీది ఏ ఊరు?" అని అడుగుతారు. మాకది మామూలు మాట. వాళ్ళకి అదే ప్రశ్న పోలీసు స్టేషన్‌లో ఎదురవుతుంది. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఈ వ్యాసం.

ఒకే చట్టం, రెండు గీతలు

జయపురం సంస్థానం 1936 మార్చి 31 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇవాళ్టి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాల్లో చాలా భాగం ఆ లోపలిదే. మర్నాడు, ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. జయపురం అటు వెళ్ళింది. పర్లాకిమిడిలో కొంత భాగం కూడా అటే వెళ్ళింది. మా వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు. రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకుని పొద్దున్న ఒరిస్సాలో లేచారంతే. అప్పటి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఒడియాలోను తెలుగులోను రాసినవారు. రాజ్యం ఒరిస్సాకి వెళ్ళినా, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మనిషి. గీత గీసినంత మాత్రాన మనసులు వెంటనే విడిపోవని చెప్పడానికి ఆయన కన్నా పెద్ద ఉదాహరణ మాకు తెలీదు.

సరిగ్గా ఏడాది తరవాత, 1937 ఏప్రిల్ 1న, అదే 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఇంకో గీత పడింది. బర్మాని ఇండియా నుంచి వేరు చేశారు. మన ఉత్తరాంధ్ర వాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు. గంజాం, విశాఖ, గోదావరి తీరాల నుంచి ఓడెక్కి రంగం పోయి రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, రిక్షా లాగినవాళ్ళు వేలకు వేలమంది. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి మించి వాళ్ళే.

మాకు ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఒకే చట్టం, ఏడాది తేడాతో రెండు గీతలు. రెండూ తెలుగువాళ్ళ నెత్తిమీదుగానే పోయాయి. జయపురంలో ఉన్న తెలుగువాడికి ఆ గీత రాష్ట్ర సరిహద్దు అయింది. బడి భాష మారింది, కచేరీ భాష మారింది, అంతటితో ఆగింది. రంగంలో ఉన్న తెలుగువాడికి అది దేశ సరిహద్దు అయింది. 1948లో బర్మా స్వతంత్రం వచ్చాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. చదువు రానివాళ్ళు, కాగితం విలువ తెలియనివాళ్ళు పెట్టుకోలేదు. పెట్టుకున్నవాళ్ళవి కూడా ఎన్నో అలాగే పడి ఉండిపోయాయి. అలాంటివాళ్ళు విదేశీయుల నమోదు పత్రం పట్టుకుని, రుసుము కట్టుకుంటూ బతికారు. 1962 మార్చిలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. బంగారం, డబ్బు ఎంత పట్టుకుపోవచ్చో కఠినంగా కట్టడి చేశారు. అక్కడే పుట్టిన పిల్లల్ని ఎత్తుకుని వేలాది కుటుంబాలు మద్రాసు, విశాఖ రేవుల్లో దిగాయి. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ రోజులదే. ఉత్తరాంధ్ర ఇళ్ళలో "కాందిశీకులు" అనే మాట బాగా వినబడింది కూడా 1942లో బాంబుల కింద నడిచి వచ్చినవాళ్ళ వల్ల, ఆ తరవాత వీళ్ళ వల్ల.

అయితే రంగం నుంచి వచ్చినవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. వెళ్ళగొట్టిన దేశం ఒకటి ఉంటే, "మావాళ్ళే, రండి" అన్న దేశం ఒకటి ఉంది. కోరాపుట్ కాందిశీకుల కథలో ఈ రెండో మాట ఎవరు చెప్పాలన్నదే తేలలేదు.

కోరాపుట్ ఎలా చేరారు

మూడో గీత 1947లో పడింది. తూర్పు బెంగాల్ పాకిస్తాన్ అయింది. అక్కడి హిందువులు ఒక్కసారిగా రాలేదు. నోవాఖాలీ అల్లర్ల తరవాత కొందరు, 1950లో ఖుల్నా, బరిసాల్ గొడవల్లో కొందరు, 1964 అల్లర్లకి మరికొందరు, ఇలా అలలు అలలుగా వచ్చారు. ముందు వచ్చినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, కలకత్తాలో బంధువులు ఉన్నవాళ్ళు. తరవాత వచ్చినవాళ్ళు ఎక్కువమంది నామశూద్ర రైతులు, జాలర్లు. కలకత్తాలో వీళ్ళకి చోటు లేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం "ఇక మా వల్ల కాదు" అంది.

అప్పుడు కేంద్ర ప్రభుత్వం చూపు మన కొండల మీద పడింది. 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. ఒరిస్సాలోని అవిభక్త కోరాపుట్, మధ్యప్రదేశ్‌లోని బస్తర్ కలిపి పనిచేసే సంస్థ అది, ముఖ్య కార్యాలయం కోరాపుట్‌లో. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు నడిపించిన సుకుమార్ సేన్ గారు కొంతకాలం దీనికి ఛైర్మన్‌గా ఉన్నారు. కోట్లమంది పేర్లని ఓటరు జాబితాలోకి ఎక్కించిన మనిషి, ఊరూ పేరూ పోగొట్టుకున్నవాళ్ళకి ఊళ్ళు కట్టే పనికి రావడం చరిత్రలో ఒక విచిత్రం.

కాందిశీకుల్ని ముందు రాయపూర్ దగ్గర మానా శిబిరానికి తెచ్చేవారు. అక్కడ నెలలు, కొందరైతే ఏళ్ళు గుడారాల్లో ఉన్నారు. తరవాత లారీల్లో కొండలెక్కించి అడవి కొట్టిన చోట దింపేవారు. ఊరికి పేరు ఉండదు, నంబరు ఉంటుంది. మల్కన్‌గిరి వైపు ఎమ్‌వీ, ఉమ్మర్‌కోట్ వైపు యూవీ, పరల్‌కోట్ వైపు పీవీ. ఇప్పటికీ అక్కడ "మీ ఊరేది?" అంటే "ఎమ్‌వీ ఫలానా" అని నంబరు చెప్తారు. సాగు కుటుంబానికి ఆరేడు ఎకరాలు, ఇంటి స్థలం, ఎద్దులకీ విత్తనాలకీ అప్పు. నీటి మధ్య పుట్టి, వరి, చేపలు తప్ప తెలియని మనుషులు ఎర్రరాతి మెట్టలో నాగలి పట్టేరు. ఉమ్మర్‌కోట్ దగ్గర భాస్కెల్, మల్కన్‌గిరి దగ్గర సతిగూడ చెరువులు, తరవాత పొటేరు కాలువలు వచ్చాక కొంత తెరిపిన పడ్డారు.

అందరూ నిలవలేదు. 1977లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వాళ్ళు ఇచ్చిన మాట నమ్మి, 1978లో వేలాది కుటుంబాలు దండకారణ్యం వదిలి సుందర్‌బన్స్ బయల్దేరాయి. మరిచ్‌ఝాపి దీవిలో ఊరు కట్టుకున్నాయి. 1979 జనవరిలో దిగ్బంధం, కాల్పులు, మే నెలలో బలవంతంగా ఖాళీ చేయించడం. మిగిలినవాళ్ళని మళ్ళీ ఈ కొండలకే పంపించారు. ఖుల్నా నుంచి కలకత్తా, కలకత్తా నుంచి మానా, మానా నుంచి మల్కన్‌గిరి, అక్కడ నుంచి మరిచ్‌ఝాపి, మళ్ళీ మల్కన్‌గిరి. ఇన్నిసార్లు మూట కట్టి విప్పిన ఇంట్లో సరిహద్దు దగ్గర ఇచ్చిన చీటీ ఒకటి క్షేమంగా ఉంటుందని ఎవరు అనుకుంటారు?

ఎప్పుడు దాటావు?

కాందిశీకుడి బతుకులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న "ఎందుకు వచ్చావు" కాదు, "ఎప్పుడు వచ్చావు" అన్నది. మా టెస్టింగ్ పనిలో ఒక మాట ఉంది. ప్రోగ్రాం తప్పులు ఎక్కువగా మధ్యలో దొరకవు, హద్దుల దగ్గర దొరుకుతాయి. 99కి పనిచేసేది 100కి పనిచేయదు. అందుకని హద్దుకి ఇటొక అంకె, అటొక అంకె పెట్టి చూస్తాం. పౌరసత్వం చట్టాన్ని అలా చూస్తే కోరాపుట్ సంగతి బాగా అర్థమవుతుంది.

రాజ్యాంగంలో మొదటి హద్దు 1948 జులై 19. ఆ లోపు వచ్చి స్థిరపడ్డవాళ్ళు పౌరులే. తరవాత వచ్చినవాళ్ళు నమోదు చేయించుకోవాలి. 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు పద్ధతి వచ్చింది. ప్రాణభయంతో వచ్చేవాళ్ళకి వలస పత్రం ఇచ్చేవారు, తరవాత తరవాత అది దొరకడం కష్టమైంది. పునరావాసం శాఖ వాళ్ళ హద్దులు వేరు. 1958 మార్చి 31 లోపు వచ్చినవాళ్ళు "పాత" వలసదారులు. 1964 జనవరి నుంచి 1971 మార్చి 25 లోపు వచ్చినవాళ్ళు "కొత్త" వలసదారులు, బెంగాల్ బయట స్థిరపడటానికి ఒప్పుకుంటే సహాయం. మధ్యలో 1958 ఏప్రిల్ నుంచి 1963 డిసెంబరు దాకా వచ్చినవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. 1971 మార్చి 25 తరవాత వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోవాలి, పునరావాసం లేదు.

1971లో దాదాపు కోటిమంది వచ్చారు, యుద్ధం అయ్యాక ఎక్కువమంది తిరిగి వెళ్ళారు. కానీ అందరూ వెళ్ళలేదు. తరవాత కూడా వస్తూనే ఉన్నారు. మల్కన్‌గిరిలోనో ఉమ్మర్‌కోట్‌లోనో అన్న ఉన్నాడు, మేనమామ ఉన్నాడు అని వెతుక్కుంటూ వచ్చారు. ఇదేమీ వింత కాదు. మన వాళ్ళు రంగం పోయింది కూడా ముందు పోయినవాడి వెనకే కదా.

ఆ ఊళ్ళలో అందుకే ఒకే వీధిలో మూడు రకాల మనుషులుంటారు. పౌరసత్వం నమోదు పత్రం చేతిలో ఉన్నవాళ్ళు, ప్రభుత్వమే తెచ్చి దింపినా అలాంటి పత్రం లేకుండా రేషన్ కార్డూ ఓటరు జాబితానే నమ్ముకున్నవాళ్ళు, 1971 తరవాత వచ్చి ఏ పత్రమూ లేనివాళ్ళు. రెండో రకం వాళ్ళ సంగతి మాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది. ప్రభుత్వం లారీలో తెచ్చి, నంబరు వేసిన ఊళ్ళో దింపి, ఎద్దులు కొనిచ్చి, ఓటు వేయించింది. "నువ్వు ఇక్కడివాడివే" అన్న ఒక్క కాగితం మాత్రం అందరి చేతికీ చేర్చలేదు.

ఒక ఇల్లు, ముగ్గురు పిల్లలు

మన రాజ్యాంగం మొదలైనప్పుడు పద్ధతి సులువుగా ఉండేది. ఈ నేల మీద పుట్టిన బిడ్డ ఈ దేశం బిడ్డ. అస్సాం ఉద్యమం తరవాత 1986లో చట్టం మార్చారు, 1987 జులై 1 నుంచి అమలు. ఆ రోజు నుంచి పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2003లో మళ్ళీ మార్చారు, 2004 డిసెంబరు 3 నుంచి అమలు. అప్పటి నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు "అక్రమ వలసదారు" కాకుండా ఉండాలి. సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళు అక్రమ వలసదారులు.

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. నాన్న 1973లో ఎనిమిదేళ్ళ పిల్లాడిగా అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటాడు. అమ్మ 1968లో ఎమ్‌వీ ఊళ్ళో పుట్టింది కాబట్టి పౌరురాలు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు, 1986లో ఒకరు, 1996లో ఒకరు, 2006లో ఒకరు. మొదటివాడు ఇక్కడ పుట్టాడు కాబట్టి పౌరుడు. రెండోది అమ్మ పౌరురాలు కాబట్టి పౌరురాలు. మూడోవాడు కాదు, ఎందుకంటే నాన్న అక్రమ వలసదారు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బళ్ళో ఒడియా చదివిన ముగ్గురిలో ఒకడు ఏ దేశానికీ చెందడు. నాన్న ఎనిమిదేళ్ళ వయసులో తను నిర్ణయించని ప్రయాణం చేశాడు. దాని బరువు 33 ఏళ్ళ తరవాత పుట్టిన కొడుకు మీద పడింది.

పౌరసత్వం మెల్లగా నేల నుంచి తల్లిదండ్రుల బీరువాలోకి మారిందన్నమాట. ఇది ఒక్క బెంగాలీల సంగతి కూడా కాదు. 2025లో బీహార్‌లో ఓటరు జాబితా సవరణ చేసినప్పుడు ఎన్నికల సంఘం అడిగిన పత్రాలు ఈ తేదీల ప్రకారమే ఉన్నాయి. 1987 జులైకి ముందు పుట్టినవాళ్ళకి తమ పత్రం, తరవాత పుట్టినవాళ్ళకి తల్లిదో తండ్రిదో, 2004 డిసెంబరు తరవాత పుట్టినవాళ్ళకి ఇద్దరివీ.

నోటీసు వస్తే

1946 నాటి విదేశీయుల చట్టంలో 9వ సెక్షన్ ఉండేది. మామూలు నేరంలో రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ తిరగేసి ఉంటుంది. "నేను విదేశీయుడిని కాను" అని ఆ మనిషే రుజువు చేసుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ చట్టం పోయి కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది. రుజువు భారం మాత్రం మారలేదు. అస్సాంలో లాగా ఒడిశాలో విదేశీయుల ట్రిబ్యునళ్ళు ఏర్పడలేదు. జిల్లా పోలీసులు, కలెక్టరు, ఆఖరికి హైకోర్టు, ఇదీ దారి. కూలి చేసుకునే మనిషికి మల్కన్‌గిరి నుంచి కటక్ హైకోర్టు ఎంత దూరమో ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒడిశాలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ సముద్రం ఒడ్డున కేంద్రపడా జిల్లాది. 2005 జనవరిలో అక్కడ 1,551 మందికి దేశం విడిచి పొమ్మని నోటీసులిచ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే పిల్లల్ని కని పెంచుకుంటున్న కుటుంబాలు అవి. పంపడం అంత తేలిక కాదు. అవతలి దేశం "అవును, మావాడే" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోనంత కాలం ఆ మనిషి ఇటూ కాదు, అటూ కాదు. నోటీసు అమలు కాకపోయినా దాని పని అది చేస్తుంది. భూమి మీద అప్పు పుట్టదు, ఆడపిల్ల పెళ్ళికి అడుగుతారు, పిల్లల కుల పత్రం ఆగుతుంది, ఎవడైనా బెదిరించొచ్చు.

2025 మే నెల నుంచి దేశమంతటా తనిఖీలు గట్టిగా జరిగాయి. జులైలో ఝార్సుగూడ జిల్లాలో 400 మందికి పైగా బెంగాలీ మాట్లాడే కూలీల్ని పట్టుకుని ఉంచారు. వాళ్ళలో చాలామంది మా రాష్ట్రం వాళ్ళని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అంది. తనిఖీ చేసి ఎక్కువమందిని వదిలేశారు. అదే ఏడాది ఢిల్లీ నుంచి బీర్భూమ్ జిల్లాకి చెందిన ఒక గర్భిణిని చిన్న కొడుకుతో సహా సరిహద్దు దాటించేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే డిసెంబరులో ఆ తల్లీ కొడుకూ వెనక్కి రాగలిగారు. మా బెంగళూరులో 2020 జనవరిలో బెళ్ళందూరు దగ్గర గుడిసెల్ని "బంగ్లాదేశీలవి" అని కూల్చేశారు. అక్కడ ఉన్నవాళ్ళలో అస్సాం, త్రిపుర వాళ్ళతో పాటు ఉత్తర కర్ణాటక కూలీలు కూడా ఉన్నారు. హైకోర్టు ఆ పనిని తప్పుపట్టింది. కన్నడ బాగా మాట్లాడే కొప్పళ కూలీ గుడిసె కూడా అనుమానంలో కూలిపోతే, బెంగాలీ మాట్లాడే మల్కన్‌గిరి కుర్రాడి సంగతి ఏమిటి? ఆ జిల్లా పిల్లలు బెంగళూరుకీ హైదరాబాదుకీ పనికి వస్తున్నారు. వచ్చేటప్పుడు వాళ్ళ అమ్మలు అన్నం డబ్బా కన్నా ముందు తాత పట్టా జిరాక్సు సంచిలో పెడతారు.

కొత్త తలుపు

2003 సవరణ అక్రమ వలసదారులకి నమోదు తలుపు మూసేసింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం దాన్ని కొందరికి తెరిచింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకి. ముస్లింలకి లేదు. ఈ విషయం మీద దేశంలో పెద్ద వాదం నడిచింది, కేసులు సుప్రీంకోర్టులో ఉన్నాయి. ఆరో షెడ్యూలు ప్రాంతాలకి మినహాయింపు ఉంది. కోరాపుట్ వైపు ఐదో షెడ్యూలు కాబట్టి ఇక్కడ వర్తిస్తుంది. నియమాలు 2024 మార్చి 11న వచ్చాయి.

ఎమ్‌వీ ఊళ్ళలో ఎక్కువమంది హిందువులు కాబట్టి ఇది వాళ్ళకి మేలే. పౌరసత్వం వస్తే దేశంలోకి వచ్చిన తేదీ నుంచే వచ్చినట్టు లెక్క. మనం పైన చెప్పుకున్న మూడో పిల్లాడికి అది చాలా పెద్ద విషయం. కానీ మెట్టు ఎక్కడానికి జంకు ఉంది. దరఖాస్తులో ముందు "నేను ఫలానా దేశం నుంచి వచ్చాను" అని రాయాలి, అక్కడి వాళ్ళమని చూపించే పత్రం పెట్టాలి. యాభై ఏళ్ళు ఓటు వేసిన మనిషి తన చేత్తో తనని విదేశీయుడని రాసుకోవాలి. దరఖాస్తు తిరస్కరిస్తే? ఆ కాగితమే రేపు తన మీద సాక్ష్యం అయితే? ఈ భయం తెలివితక్కువతనం కాదు. బతుకంతా కాగితాల చేతిలో దెబ్బ తిన్నవాళ్ళ జాగ్రత్త అది. తాత ముత్తాతల పత్రాలు కూడా పనికొస్తాయని కేంద్రం తరవాత వివరణ ఇచ్చింది. 2025 సెప్టెంబరులో ఈ ఆరు మతాల వాళ్ళు 2024 డిసెంబరు 31 లోపు వచ్చి ఉంటే కేసులు పెట్టరని ఉత్తర్వు కూడా వచ్చింది. కేసు పెట్టకపోవడం వేరు, పౌరుడు కావడం వేరు.

కొండవాళ్ళ మాట

ఇక్కడ ఇంకొకరి మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఖాళీ అడవి అని కాగితంలో రాసిన చోట కోయలు, గోండులు, భత్రాలు, బోండాలు ఉన్నారు. పోడు చేసుకున్నారు, ఇప్పపువ్వు ఏరుకున్నారు. బాగుచేసిన భూమిలో నాలుగో వంతు ఆదివాసులకి అని ప్రాజెక్టు నియమం ఉంది. కానీ అడిగి మాత్రం ఎవరూ అడవి కొట్టలేదు. తరవాత బలిమెల, మాచ్‌ఖండ్ లాంటి ఆంధ్ర ఒడిశా ఉమ్మడి డ్యాములు కూడా వాళ్ళ ఊళ్ళనే ముంచాయి. ఆదివాసుల భూమి బయటివాళ్ళకి పోకూడదని 1956లో ఒడిశా తెచ్చిన రెండో రెగ్యులేషన్ మా తెలుగు కుటుంబాలకి కూడా తగిలింది. తగలాల్సిందే. కొండవాడి దృష్టిలో మేమూ బయటివాళ్ళమే, కాందిశీకుడూ బయటివాడే. కాకపోతే మాలో ఒకడు తప్పు చేస్తే కేసు పెడతారు. కాందిశీకుడు తప్పు చేస్తే దేశం దాటించమంటారు.

ఇంకో విచిత్రం కూడా ఇదే జిల్లాలో ఉంది. పొట్టంగి బ్లాకులో కొటియా పల్లెలు. సాలూరు వైపు నుంచి ఆంధ్ర, ఇటు నుంచి ఒడిశా, రెండూ మావే అంటాయి. 1968 నుంచి సుప్రీంకోర్టులో నడిచి, 2006లో తేలకుండా ముగిసి, ఉన్నది ఉన్నట్టు ఉండాలన్న ఉత్తర్వు మిగిలింది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. అక్కడి మనిషికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. కొటియాలో ఒకడికి రెండు ప్రభుత్వాలు "నువ్వు మావాడివి" అంటాయి. బస్సులో కొన్ని గంటల దూరంలో ఇంకొకడికి ఆ మాట అనడానికి ఒక్క ప్రభుత్వం లేదు.

మన ఇళ్ళలో

మా ముత్తాతగారు జయపురంలో ఉండిపోవడం, ఆయన పినతండ్రి కొడుకులు రంగం ఓడ ఎక్కడం, ఈ రెండూ తెలివిని బట్టి జరిగినవి కావు. పని దొరికిన వైపు పోయారు. ఒక గీత రాష్ట్రం గీత అయింది, ఇంకోటి దేశం గీత అయింది. మాకు ఒడియా నేర్చుకోవాల్సి వచ్చింది, తరవాత కన్నడ నేర్చుకోవాల్సి వచ్చింది. పిల్లల్ని వదిలి పొమ్మని మమ్మల్ని ఎవరూ అనలేదు. మల్కన్‌గిరి నాన్నకీ మాకూ ఉన్న తేడా అంతే, ఆ తేడా చాలా పెద్దది.

దేశానికి సరిహద్దు ఉండకూడదని మేము అనడం లేదు. ఎవరు వస్తున్నారో చూసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కానీ ప్రభుత్వమే తెచ్చి దింపిన కుటుంబానికి పత్రం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదే. నాన్న పత్రం లేదని, ఇక్కడే పుట్టిన బిడ్డని ఏ దేశమూ లేనివాడిగా చేయడం ఏ లెక్క ప్రకారం చూసినా సరికాదు. మానా శిబిరం రిజిస్టర్లు, దండకారణ్య సంస్థ భూమి పంపిణీ జాబితాలు ప్రభుత్వం చేతుల్లోవే. ఊరు ఊరుకీ వెళ్ళి వాటితో పేర్లు సరిచూస్తే, ముసలివాళ్ళు పోకముందే సగం చిక్కు విడిపోతుంది.

బయట రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగువాళ్ళకి ఒక మాట. ఇంట్లో ఉన్న పాత పట్టాలు, జయపురం సంస్థానం రసీదులు, బడి టీసీలు, 1950ల నాటి ఓటరు చీటీలు, రంగం నుంచి తెచ్చిన పత్రాలు పారేయకండి. ఫొటో తీసి పెట్టండి, ఎవరిదో, ఏ ఊరిదో వెనక రాయండి. అమ్మమ్మ, తాతయ్య ఏ ఊళ్ళో పుట్టారో, ఎప్పుడు ఎక్కడికి మారారో వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. మీ వీధిలో ఇస్త్రీ బండి దగ్గరో, కట్టడం పనిలోనో ఒక బెంగాలీ కుర్రాడు "మాది ఒడిశా" అంటే నవ్వకండి. ఎమ్‌వీ ఎంత అని అడగండి. నంబరు చెప్తాడు. ఆ నంబరు వెనక ఒక ఊరు ఉంది, ఆ ఊళ్ళో అతని కోసం చూస్తున్న అమ్మానాన్నలు ఉన్నారు.